పొందూరు పంచె వెనక వడికిన చేతులు

శ్రీకాకుళం జిల్లాలో కాపాడుకోవలసిన చరిత్ర ఏదని అడిగితే ఎవరైనా శ్రీముఖలింగం గుళ్ల పేరు చెప్తారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాల పేరు చెప్తారు. వాటికి పురావస్తు శాఖ కాపలా ఉంది. పాడుచేస్తే శిక్షించే 1958 నాటి చట్టం ఉంది. మరి పొందూరులో ఏముంది? రైలు దిగి ఊళ్లోకి వెళ్లిన మనిషి ఖాదీ దుకాణం చూస్తాడు, సంఘం భవనం చూస్తాడు, ఒక పంచె కొనుక్కుని వెనక్కి వస్తాడు. ఈ ఊరి అసలు చారిత్రక సంపద ఆడవాళ్ల వేళ్లలో ఉందని అతనికి చెప్పేవాళ్లు తక్కువ.

పొందూరు సన్న ఖద్దరు గొప్పతనమంతా వంద నంబరు నూలులో ఉంది. ఒక పౌను దూది నుంచి 840 గజాల చిలపలు ఎన్ని వస్తే ఆ నూలు అన్నో నంబరు. వంద నంబరంటే ఒక పౌనులోంచి 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్ల దారం తీయాలి. గ్రాము దూదికి దాదాపు 169 మీటర్లు. ఈ సన్నదనం చేతి రాట్నం మీద రావాలంటే వడకడానికి ముందే బోలెడు పని ఉంది. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వాలి. ఆ దవడ మీద సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. అవి చెత్తను తీసేసి, పోగులను తిన్నగా సాగదీస్తాయి. ఈ దవడలు గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. తర్వాత చెక్కపలక మీద ఇనపకడ్డీ దొర్లించి గింజలు వేరుచెయ్యాలి. చిన్న వింటితో దూది ఏకాలి. ఏకులు చుట్టి, మురికి అంటకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకోవాలి. రాట్నం ముందు కూర్చునేది ఆ తర్వాతే.

ఇదంతా ఇంటి వసారాలో, వంటకీ నీళ్లకీ పిల్లలకీ మధ్య దొరికే వేళల్లో జరుగుతుంది. కాబట్టే చూసేవాళ్లకి అది పనిలా కనిపించదు, ఇంటిపనికి కొనసాగింపులా కనిపిస్తుంది. కూలి మాత్రం చిలపల లెక్కన. దువ్విన గంటలు, ఏకిన గంటలు ఆ లెక్కలో విడిగా కనపడవు.

జాతీయోద్యమం రాట్నాన్ని జెండా మీదకెక్కించింది. 1924లో కాంగ్రెసు సభ్యత్వానికి నెలకి 2,000 గజాల నూలు షరతు పెట్టి, మరుసటి ఏడాదే దాన్ని సడలించింది. నాయకులకు నెలలో కొన్ని గంటల దీక్ష అయిన పని పొందూరు ఆడవాళ్లకు రోజువారీ కూడు. ఈ తేడా గాంధీకి తెలుసు. 1925లో పుట్టిన అఖిల భారత చరఖా సంఘం పదేళ్లపాటు ఖద్దరు చవగ్గా అమ్మడానికి తంటాలు పడింది. ఆ చవక వెనక వడికేవాళ్ల ఆకలి ఉందని 1935లో ఆయనే నిలదీశాడు. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఇవ్వాలన్నాడు. ధర పెరిగితే ఖద్దరు అమ్ముడుపోదని ఉద్యమంలోని వాళ్లే భయపడ్డారు. చివరికి పొట్టకీ బట్టకీ సరిపడా కనీస కూలి ఉండాలని సంఘం తీర్మానించింది గాని, ఎనిమిది అణాలు మాత్రం దక్కలేదు. వడికే మనిషి బతకాలా, ఖద్దరు చవగ్గా దొరకాలా అన్న ఆ తగువు ఇప్పటికీ తేలలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పొందూరులో 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1955లో దాని భవనానికి వినోబా భావే శంకుస్థాపన చేశాడు. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఇవి రాస్తారు. పొందూరు పంచె కట్టిన నాయకుల పేర్లు, అక్కినేని నాగేశ్వరరావు పేరు రాస్తారు. కట్టినవాళ్ల పేర్లు తెలిసినంతగా వడికినవాళ్ల పేర్లు మనకెందుకు తెలియవు?

భాషలోనే ఆ ఖాళీ ఉంది. మగ్గం మీది మనిషిని 'నేతన్న' అంటాం. రాట్నం ముందు కూర్చున్న ఆమెకు అలాంటి ఆప్యాయమైన పిలుపు ఒక్కటీ మన వాడుకలో స్థిరపడలేదు. పిలుపు లేనివాళ్లు పథకాల్లోకీ తేలిగ్గా రారు. 2019లో మొదలైన నేతన్న నేస్తం ఏటా 24,000 రూపాయలు ఇచ్చింది. దానికి అర్హత సొంత మగ్గం. మగ్గానికి నూలు అందించే రాట్నం ఆ కొలతలోకి రాలేదు.

వారసత్వాన్ని కాపాడే చట్టాలు ఇప్పుడు రాళ్ల దగ్గరే ఆగిపోలేదు. 2003లో యునెస్కో నైపుణ్యాలను కూడా వారసత్వంగా గుర్తించే ఒప్పందం చేసింది. మన దేశంలో 1999లో చేసిన భౌగోళిక సూచికల చట్టం 2003లో అమల్లోకి వచ్చి, ఊరి పేరుతో నకిలీ సరుకు అమ్మకుండా అడ్డుపడే వీలు కల్పించింది. అవసరమే. అయితే పేరుకు రక్షణ దొరికినంత మాత్రాన కూలి పెరగదు.

ఇప్పుడు సన్న నూలు వడికేవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసు ఆడవాళ్లు. కూతుళ్లు చదువుల వైపు, వేరే ఉద్యోగాల వైపు వెళ్తున్నారు. 'కళ అంతరించిపోతోంది' అని సభల్లో బాధపడేవాళ్లు తమ పిల్లల్ని రాట్నం ముందు కూర్చోబెట్టరు. పొలం, ఇల్లు కొడుక్కి రాసి, రాట్నం మాత్రం కూతురికి వదిలే వారసత్వాన్ని ఆ పిల్ల కాదంటే తప్పు ఆమెది కాదు. తల్లి కళ్లు మసకబారడం ఆమె దగ్గరుండి చూసింది.

పొందూరుని కాపాడటమంటే ముందు లెక్క సరిచెయ్యడం. దువ్విన, ఏకిన గంటలకీ కూలి కట్టాలి. రాట్నాన్ని కూడా మగ్గంతో సమానంగా పథకాల్లో చేర్చాలి. కళ్లజోడు, పింఛను హక్కుగా రావాలి. సంఘాల పుస్తకాల్లో, ప్రదర్శనల్లో వడికినవాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే ఉండాలి. అప్పుడు కూతురు రాట్నం వద్దన్నా, కావాలన్నా అది ఆమె ఎంపిక అవుతుంది. ఇవేవీ చెయ్యకపోతే, వాలుగ దవడ ఏదో ఒకరోజు మ్యూజియం అద్దాల పెట్టెలోకి చేరుతుంది. దాని కింద చేప పేరు రాస్తారు. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో రాయడానికి అప్పుడు ఎవరికీ తెలియదు.