ఉక్కులోనే దాగిన నలుసు, తుప్పు గుంటకు అదే మొదలు

జుబైల్, దమ్మామ్ వైపు ఫిట్టర్లుగా, వెల్డర్లుగా పనిచేసి వచ్చినవాళ్లకు 'పిట్టింగ్' అనే మాట కొత్త కాదు. పైపు అంతా బాగానే ఉంటుంది, ఒక్కచోట మాత్రం సూదితో గుచ్చినట్టు చిన్న గుంట. మూతి చిన్నదే, లోతు ఎక్కువ. సముద్రగాలిలోని ఉప్పు అంతటా తగిలినా గుంట అక్కడే ఎందుకు పడింది? చాలాసార్లు జవాబు ఆ ఉక్కు కరిగించిన రోజులోనే ఉంటుంది.

కరిగిన ఉక్కులో ఆక్సిజన్ తీసేయడానికి అల్యూమినియం, సిలికాన్ వేస్తారు. అలా పుట్టిన ఆక్సైడ్ రేణువులు చాలావరకు పైకి తేలి స్లాగ్‌లో కలిసిపోతాయి, కొన్ని లోపలే చిక్కుకుంటాయి. ఉక్కులో మిగిలిన గంధకం మాంగనీస్‌తో కలిసి మాంగనీస్ సల్ఫైడ్ అవుతుంది. లోహం కాని ఇలాంటి నలుసులనే ఇంక్లూజన్లు అంటారు. కంటికి ఆనవు, మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

వీటిలో ఎక్కువ చెడ్డపేరు మాంగనీస్ సల్ఫైడ్‌దే. మెత్తనిది కాబట్టి రోలింగ్ మిల్లులో ఉక్కుతో పాటు సేమ్యాలా సాగుతుంది. ఉప్పునీళ్లు తగిలితే కరగడం మొదలెడుతుంది, ఆ చోట సన్నని సందు పడుతుంది. సందులోకి క్లోరైడ్ చేరుతుంది. అక్కడ కరిగిన ఇనుము నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం మరింత ఇనుమును తినేస్తుంది. ఇక గుంట తనంతట తానే లోతుకు పోతుంది.

అల్యూమినా అలా కరగదు. కానీ గట్టిది కదా, ఉక్కు సాగినప్పుడు అది సాగదు. అంచున సన్నని ఖాళీ మిగిలి నీరు నిలుస్తుంది. సల్ఫైడ్‌ను దారంలా సాగనీయకుండా గుండ్రంగా ఉంచడానికి కాల్షియం కలిపే పద్ధతి ఉంది. మోతాదు కుదరకపోతే కాల్షియం సల్ఫైడ్ మిగులుతుంది, అది నీళ్లలో ఇంకా తేలిగ్గా కరుగుతుంది. ఒక రోగానికి మందేస్తే ఇంకోటి వచ్చినట్టు.

గట్టి ఉక్కులో ఇదంతా ఎక్కువ ప్రమాదం. ఇళ్ల స్లాబుల్లో వేసే ఎఫ్‌ఈ 500 కడ్డీ 500 మెగాపాస్కల్స్ దగ్గర శాశ్వతంగా సాగడం మొదలెడుతుంది. విమానాల ల్యాండింగ్ గేర్‌లో వాడే 300ఎం ఉక్కు తెగడానికి 1,900కు పైగా కావాలి. అయితే బలం పెరిగేకొద్దీ పగులును ఓర్చుకునే గుణం సాధారణంగా తగ్గుతుంది. మెత్తని ఉక్కు గుంట చుట్టూ కాస్త సాగి సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. పైగా గుంటలో పుట్టిన హైడ్రోజన్ లోపలికి చొరబడి ఉక్కును పెళుసు చేస్తుంది.

1967 డిసెంబర్ 15న అమెరికాలో ఒహాయో నదిపై సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. మొదట విరిగిన ఐబార్‌లో పగులు లోతు సుమారు 2.5 మిల్లీమీటర్లే. అది ఇంక్లూజన్ దగ్గరే మొదలైందని చెప్పలేం. తుప్పు, ఒత్తిడి కలిస్తే గట్టి ఉక్కు విరగడానికి ఎంత చిన్న లోపం చాలో మాత్రం తెలిసింది.

అందుకే 300ఎం ఉక్కును వాక్యూమ్‌లో మళ్లీ కరిగించి నలుసులు తగ్గిస్తారు, తర్వాత పైన పూత వేస్తారు. వాడకంలో గుంట కనిపిస్తే సానపట్టి తీసేస్తారు; అనుమతించిన లోతు దాటితే ఆ భాగాన్నే మార్చేస్తారు.