దైవాస్తిత్వ నిరూపణ: ఇబ్నె సీనా, గజాలీల వివాదం

ఇస్లామీయ తత్త్వచరిత్రను గురించి తరచు వినవచ్చే మాట ఒకటి ఉన్నది. తత్త్వవేత్తలు తర్కబలంతో దైవాన్ని నిరూపించబూనగా ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) ఆ తలుపు మూసివేశారని, అటుపిమ్మట ముస్లిం లోకంలో బుద్ధివాదం అంతరించిందని ఆ మాట సారాంశం. మూల గ్రంథాలను పరిశీలిస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. ప్రపంచానికి కర్త ఉన్నాడన్న సంగతిలో అబూ అలీ ఇబ్నె సీనాకు, గజాలీకి భేదం లేదు. దానిని బుద్ధితో నిరూపించవచ్చునన్న సంగతిలోనూ భేదం లేదు. వారి వివాదం మరొక ప్రశ్నపై నడిచింది. తర్కం చివర లభించే ఆ కర్త, తలచి సృష్టించే ప్రభువా? లేక ప్రపంచం తననుండి తప్పనిసరిగా వెలువడే మూలకారణం మాత్రమేనా?

కలామ్ పండితుల మార్గం

ఇబ్నె సీనాకు పూర్వమే ఈ నిరూపణకు ఒక మార్గం ఏర్పడి ఉన్నది. ఇల్మె కలామ్ పండితులు దానిని ‘హుదూస్’ (ఆది కలిగి ఉండుట) అనే భావంపై నిర్మించారు. ప్రతి వస్తువులోనూ చలనం, నిశ్చలత, కలయిక, వేర్పాటు వంటి గుణాలు మారుతూ ఉంటాయి. ఈ గుణాలు పుట్టి నశించేవి. వీటినుండి ఎన్నడూ విడివడని వస్తువు వీటికంటె ముందు ఉండజాలదు. కనుక వస్తుజాలమంతా ఒకనాడు పుట్టినదే. పుట్టినదానికి పుట్టించినవాడు ఉండక తప్పదు.

ఖలీఫా ముఅతసిమ్ (క్రీ.శ. 833–842) కాలంలో అల్‌కిందీ తన ‘ప్రథమ తత్త్వశాస్త్రం’ అనే గ్రంథాన్ని ఆ ఖలీఫాకే అంకితం చేస్తూ ఇంచుమించు ఇదే నిర్ణయానికి వచ్చాడు. గడచిన కాలం అనంతమైనదైతే నేటి దినం ఎన్నటికీ వచ్చి ఉండదని ఆయన వాదం. గ్రీకు తత్త్వాన్ని ప్రేమించిన అల్‌కిందీ, ప్రపంచం అనాది అన్న అరిస్టాటిల్ మతాన్ని మాత్రం అంగీకరించలేదు.

ఇబ్నె సీనా కొత్త త్రోవ

క్రీ.శ. 980లో బుఖారా సమీపాన జన్మించి 1037లో హమదాన్‌లో మరణించిన ఇబ్నె సీనాకు కలామ్ మార్గం తృప్తినివ్వలేదు. ఇల్లు కట్టిన మేస్త్రీ వెళ్లిపోయినా ఇల్లు నిలిచే ఉంటుంది. ప్రపంచానికి కర్త అవసరం పుట్టిన క్షణంలోనే అయితే, పుట్టిన తరువాత ఆయన లేకున్నా అది నిలవగలదనే భ్రమకు చోటు కలుగుతుంది. ‘ఇషారాత్’ అనే గ్రంథంలో ఇబ్నె సీనా ఈ భ్రమనే ఖండించారు. సృష్టికి సృష్టికర్త అవసరం ఒక్క ఆరంభానికి సంబంధించినది కాదు, ప్రతి క్షణానికీ సంబంధించినది అని ఆయన వాదించారు.

అందుకై ఆయన ఆకాశాలనుగాని, చలనాన్నిగాని ఆధారం చేసుకోలేదు. ‘ఏదో ఒకటి ఉన్నది’ అన్న ఒక్క సత్యంతోనే మొదలుపెట్టారు. ఉన్నది ఏదైనా రెండు విధాలలో ఒకటి కావాలి. తన స్వభావం చేతనే ఉండి తీరవలసినది ‘వాజిబుల్ వుజూద్’, అనగా అవశ్యసత్త. ఉండటానికీ లేకపోవటానికీ సమానంగా వీలున్నది ‘ముమ్కినుల్ వుజూద్’, అనగా సాధ్యసత్త. సాధ్యసత్త ఉన్నదంటే, లేకపోవటం వైపు నుండి ఉండటం వైపునకు దానిని మొగ్గించిన కారణం ఉండాలి. ఆ కారణమూ సాధ్యసత్తయే అయితే దానికి మరొక కారణం కావాలి. ఈ గొలుసు అంతులేనిదే అనుకున్నా చిక్కు తీరదు. సాధ్యసత్తల సముదాయం మొత్తం కూడా తన విడిభాగాలపై ఆధారపడినదే కనుక అదీ సాధ్యసత్తయే. దాని కారణం ఆ సముదాయానికి వెలుపల ఉండాలి. వెలుపల ఉన్నది అవశ్యసత్త తప్ప మరొకటి కాజాలదు.

సృష్టిని చూపి సృష్టికర్తను నిరూపించటం కంటె, సత్తను విచారించి నేరుగా ఆయనను చేరటం మేలైనదని ఇబ్నె సీనా అభిప్రాయం. దీనిని ఆయన ‘సిద్దీఖుల మార్గం’ అన్నారు. ఫుస్సిలత్ సూరా 53వ ఆయత్‌లో ఈ రెండు మార్గాల సూచనా ఉన్నదని చెప్పారు.

అయితే ఈ నిరూపణకు ప్రపంచం ఒకనాడు పుట్టి ఉండవలసిన పని లేదు. ప్రపంచం అనాదిగా అవశ్యసత్తనుండి వెలువడుతూనే ఉన్నదని ఇబ్నె సీనా సిద్ధాంతం. కర్త పరిపూర్ణుడైనప్పుడు ఆయన కార్యం ఆలస్యం కావటానికి హేతువు లేదని ఆయన తర్కం. గజాలీ ఆక్షేపణకు మూలం ఇక్కడే ఉన్నది.

గజాలీ విమర్శ

క్రీ.శ. 1058లో తూస్‌లో జన్మించిన గజాలీ 1091లో బగ్దాదు నిజామియా విద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించారు. 1095 ఆరంభానికి ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ పూర్తిచేశారు. అందులో 20 చర్చలున్నాయి. నాల్గవ చర్చలో ఆయన పెట్టిన అభియోగం చిత్రమైనది. ప్రపంచం అనాది అనేవారికి దాని కర్తను నిరూపించే శక్తి లేదని ఆయన వాదించారు.

ఆయన వాదక్రమం ఇది. ఆకాశగోళాల పరిభ్రమణాలు గతంలో అనంతంగా జరిగాయని మీరు ఒప్పుకుంటున్నారు. అలాగైతే కారణాల గొలుసు మాత్రం అనంతం కారాదని ఎలా అంటారు? పరిభ్రమణాలు ఒకటి పోయిన తరువాత ఒకటి వచ్చేవి, కారణాలు ఒక్కసారిగా కలిసి ఉండేవి, కనుక రెండింటికీ పోలిక లేదని తత్త్వవేత్తల సమాధానం. దానికి గజాలీ ప్రత్యుత్తరం సూటిగా ఉంటుంది. దేహాలు నశించినా ఆత్మలు నిలుస్తాయని, మానవజాతి అనాది అని మీరే చెప్పుచున్నారు. అట్లయితే అనంతసంఖ్యలో ఆత్మలు ఈ క్షణాన కలిసి ఉన్నట్లే కదా! ఇక సముదాయం విషయం. విడి దినాలన్నీ పుట్టినవే అయినా కాలం మొత్తం అనాది అని మీరు అంటారు. అదే రీతిని విడి వస్తువులన్నింటికీ కారణాలున్నా, వాటి మొత్తానికి కారణం లేదని ఒకడు అంటే ఏమి బదులు చెప్పగలరు?

ఈ విమర్శ వెనుక ఇచ్ఛను గురించిన పట్టుదల ఉన్నది. సూర్యునినుండి వెలుగు వచ్చినట్లు ప్రపంచం దైవంనుండి వచ్చిందంటే, ఆ దైవాన్ని ‘కర్త’ అనటం మాటవరుసకే అవుతుంది. కర్త అంటే తలచి, ఎరిగి, చేసేవాడు. సమానమైన రెండు క్షణాలలో ఒకదానినే సృష్టికి ఎన్నుకొనుటకు హేతువేమిటన్న ప్రశ్నకు గజాలీ ఒక ఉదాహరణ చెప్పారు. ఆకలిగొన్నవానిముందు అన్నివిధాలా సమానమైన రెండు ఖర్జూరాలున్నాయి, ఒకటే తీసుకోవాలి. వాడు పస్తుండడు, ఏదో ఒకటి తీసుకుంటాడు. సమానమైనవాటిలో ఒకదానిని వేరుచేయటమే ఇచ్ఛ యొక్క లక్షణం.

గజాలీ నిరూపణను త్రోసిపుచ్చలేదు. ‘ఇఖ్తిసాద్’ గ్రంథంలో కలామ్ పండితుల హుదూస్ వాదాన్నే స్వయంగా ప్రతిపాదించారు. కాని 1095 జూలైలో పాఠం చెప్పబోతే మాట పెగలని స్థితి ఆయనకు కలిగింది. నవంబరులో పదవిని వదలి బగ్దాదు విడిచారు. వాదంలో గెలుపు వేరు, దైవసాన్నిధ్యం వేరు అని ఆయన గ్రహించినట్లు ‘అల్‌మున్‌ఖిజ్’ అనే స్వీయచరిత్ర తెలుపుతుంది.

తరువాతి చరిత్ర

ఖుర్తుబాకు చెందిన ఇబ్నె రుష్ద్ (1126–1198) ‘తహాఫుతుత్ తహాఫుత్’లో గజాలీకి బదులు చెప్పారు. అయితే ఆయన ఇబ్నె సీనాను పూర్తిగా సమర్థించలేదు. సాధ్య, అవశ్య విభజన కలామ్ పండితులనుండి తెచ్చుకున్న కల్తీ అని నిందించారు. సామాన్యులకూ పండితులకూ ఒక్కటిగా ఉపకరించే రెండు నిరూపణలు దివ్యఖుర్ఆన్‌లోనే ఉన్నాయని ‘అల్‌కష్ఫ్’ గ్రంథంలో వ్రాశారు. సృష్టిలో మానవునికి అనుకూలంగా ఉన్న ఏర్పాటును చూపేది ‘ఇనాయత్’ నిరూపణ, జీవం వంటివాటి ఆవిర్భావాన్ని చూపేది ‘ఇఖ్తిరా’ నిరూపణ.

బుద్ధివాదం అంతరించిందన్న మాటకు అసలైన జవాబు గజాలీ అనంతరం కలామ్ గ్రంథాలలోనే లభిస్తుంది. ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) ఇబ్నె సీనా ‘ఇషారాత్’కు విమర్శతో కూడిన వ్యాఖ్య వ్రాశారు. నసీరుద్దీన్ తూసీ (మరణం 1274) దానికి ప్రత్యుత్తరంగా మరొక వ్యాఖ్య వ్రాశారు. ఈ చర్చల ఫలితంగా సాధ్య, అవశ్య విభజన కలామ్‌లో స్థిరపడిపోయింది. తఫ్తాజానీ రచించిన ‘షర్హె అఖాయిద్’ ద్వారా ఈ పరిభాష దర్సె నిజామీ పాఠ్యక్రమంలో చేరి భారతదేశపు మదర్సాలకు వచ్చింది. 1888లో హైదరాబాదులో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, రాజీ తత్త్వగ్రంథం ‘అల్‌మబాహిసుల్ మష్రిఖియ్యా’ను హి. 1343లో అచ్చువేసి లోకానికి అందించింది. హుదూస్ వాదం సైతం నేటికీ సజీవంగా ఉన్నది. 1979లో అమెరికన్ తత్త్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ దానిపై ఆంగ్లంలో గ్రంథం వ్రాసినపుడు ‘కలామ్’ అన్న పేరునే ఉంచారు.

ఇబ్నె సీనా, గజాలీలలో ఒకరిని బుద్ధిపక్షంగా, మరొకరిని విశ్వాసపక్షంగా నిలిపితే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. సృష్టి ప్రతి క్షణమూ దైవంపై ఆధారపడి ఉన్నదని మొదటివారు చూపారు. ఆ దైవం ఇచ్ఛ గల ప్రభువు కాకుంటే ప్రార్థనకు అర్థం ఉండదని రెండవవారు హెచ్చరించారు. తరువాతి తరాల విద్వాంసులు మొదటివారి నిరూపణను, రెండవవారి హెచ్చరికను రెండింటినీ భద్రపరచుకున్నారు.