మాస్కు పెట్టుకోని డాక్టరు గారు

2020 మార్చి మొదట్లో సంగతి. కరోనా గురించి మా హెచ్‌ఆర్ వాళ్ళు రోజుకో మెయిల్ కొట్టేవాళ్ళు. చేతులు కడుక్కోండి, దూరం పాటించండి వగైరా. చదివిన పాపాన పోయినవాడు లేడు. అందరం ఇంజనీర్లమే, గ్రాఫు చూపిస్తే అర్థం చేసుకోగలవాళ్ళమే. అయినా క్యాంటీన్లో భుజాలు రాసుకుంటూనే టీ తాగాం. ఓ రోజు, దేనికీ కంగారుపడని మా మేనేజరు మాస్కుతో మీటింగుకొచ్చి, మాటా పలుకూ లేకుండా కుర్చీ దూరంగా లాక్కుని కూర్చున్నాడు. మర్నాటికి టీములో సగం మంది మొహాలకి మాస్కులు!

తెలిసిన విషయమే అయినా మనం ఎందుకు పాటించం? ఎవరో చేస్తే ఎందుకు చేస్తాం? ఈ ప్రశ్నకి నాకు దొరికిన గొప్ప ఉదాహరణ, వందేళ్ళ పైబడిన ఓ ప్లేగు కథ.

1910 చలికాలం. ఈశాన్య చైనాలో, మంచూరియాలోని హార్బిన్ నగరం. జబ్బు రైళ్ళెక్కి ఊరూరా దిగుతోంది, సోకినవాడు దాదాపు బతకడం లేదు. చైనా ప్రభుత్వం వూ లియెన్ తే అనే డాక్టర్ని పంపింది. పుట్టింది పెనాంగులో, చదివింది కేంబ్రిడ్జిలో, వయసు 31. చనిపోయిన ఒకావిడ శవాన్ని పరీక్ష చేసి ఆయన తేల్చిందేమిటంటే, ఇది ఎలుకల మీది ఫ్లీ పురుగుల వల్ల వచ్చే ప్లేగు కాదు, ఊపిరితిత్తుల ప్లేగు, దగ్గుతో మనిషి నుంచి మనిషికి అంటుకుంటోంది అని. గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి మాస్కులు కుట్టించి, డాక్టర్లూ నర్సులూ అందరూ కట్టుకోవాలన్నాడు.

చాలామంది నమ్మలేదు. వాళ్ళేం చదువులేనివాళ్ళు కాదు, ప్లేగు గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు! ఫ్రెంచి డాక్టరు మెనీ వయసులోనూ అనుభవంలోనూ వూ కన్నా పెద్దవాడు. ఇంతకు ముందు ప్లేగుతో పోరాడినవాడు. ఈ కుర్రాడు నాకు చెప్పేదేమిటని అవమానించి, మాస్కు లేకుండానే రోగుల్ని చూశాడు. కొద్దిరోజులకే, 1911 జనవరి 11న, అదే ప్లేగుతో పోయాడు.

అప్పుడు కదిలింది ఊరు. నిన్నటిదాకా నవ్వినవాళ్ళు మాస్కులు కట్టారు. మార్చికల్లా హార్బిన్లో ప్లేగు ఆగింది. అప్పటికి మంచూరియా మొత్తమ్మీద పోయినవాళ్ళు సుమారు 60 వేలు.

మెనీని మూర్ఖుడనడానికి నాకు మనసొప్పదు. పదేళ్ళుగా నడుస్తున్న కోడు కదా, దీనికేమవుతుందిలే అని టెస్టింగు ఎగ్గొట్టిన రోజులు నాకూ ఉన్నాయి. ఆయన్ని ముంచింది అజ్ఞానం కాదు, అనుభవం. పైగా మాస్కు కట్టుకోవడమంటే, చిన్నవాడిదే రైటని పదిమందిలో ఒప్పుకోవడం!

భయం పనిచేస్తుంది, కాకపోతే దానికి ఓ ప్రాణం ఖర్చవుతుంది. ఇంకో దారి మన బొంబాయిలోనే ఉంది. ప్లేగు టీకా తయారుచేసిన హాఫ్‌కిన్, 1897 జనవరి 10న దాన్ని ముందు తనకే పొడుచుకున్నాడు. ఆ తర్వాతే వేరేవాళ్ళకి. ఇలా కూడబెట్టిన నమ్మకం ఎంత సున్నితమో కూడా ఆయన కథే చెబుతుంది. 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో, కలుషితమైన ఒక్క సీసా వల్ల 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పు ఆయన ప్రయోగశాలది కాదని తేలేసరికి ఏళ్ళు పట్టింది.

మళ్ళీ మా ఆఫీసుకొస్తాను. ఆ మార్చిలోనే ఒకతను దగ్గుతూ పనికొచ్చాడు. జబ్బు సంగతి తెలీక కాదు. రిలీజు దగ్గరపడింది, లీవడిగితే అప్రైజల్లో ఏమవుతుందోనని. అతని పక్క సీట్లో నేనున్నాను. "ఇంటికెళ్ళు, నీ పని నేను చూస్తాలే" అని ఒక్కమాట అనలేకపోయాను. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు అతనికి కావలసింది ఇంకో మెయిల్ కాదు, ఆ ఒక్క మాటే.