డిగ్రీ తర్వాత ఫైనాన్స్‌లో మొదటి ఉద్యోగం: మనకు తెరిచి ఉన్న తలుపులు, మనం తట్టాల్సిన తలుపులు

1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ కొలంబియా, లండన్‌లలో చదివి బరోడా చేరుకున్నారు. సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో చదివారు కాబట్టి అక్కడ పనిచేయాలన్నది ఒప్పందం. అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ప్రొబేషనర్‌గా కుదిరారు. అంటే విదేశీ చదువు తర్వాత ఆయన అడుగుపెట్టింది ఒక లెక్కల ఆఫీసులోనే. ఉద్యోగమైతే దొరికింది గానీ ఉండటానికి గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నారు. ఆయన బరోడా వదిలి బొంబాయి రైలెక్కారు. తర్వాత బొంబాయిలో వాటాలు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే పని మొదలుపెడితే, కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. 1923లో రూపాయి సమస్యపై ప్రామాణిక గ్రంథం వెలువరించిన ఆర్థికవేత్త మొదటి ఉద్యోగ అనుభవం ఇది.

ఈ సంగతి జయంతి సభల కోసం గుర్తుచేయడం లేదు. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్న మాకు ప్రతి ఏడాదీ వేసవిలో జూనియర్ల నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "అన్నా, బీకాం అయిపోయింది. బ్యాంకులోగానీ ఫైనాన్స్‌లోగానీ ఎట్లా పోవాలి?" అడిగేవాళ్లలో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లదే. ఈ రంగంలో ఉద్యోగం అడిగేది అకౌంటెన్సీ పరిజ్ఞానం ఒక్కటే కాదు. అద్దె గది, ఆరు నెలల ఖర్చు, ఫోన్ చేస్తే ఎత్తే ఒక బంధువు, బండి, మచ్చలేని రుణ చరిత్ర కూడా అడుగుతుంది. ఏ తలుపు దగ్గర ఏది అడుగుతారో ముందే తెలిస్తే పోగొట్టుకునే ఏళ్లు తగ్గుతాయి.

రెండు రకాల తలుపులు

కొన్ని తలుపులు నియమంతో తెరుచుకుంటాయి: నోటిఫికేషన్, రాతపరీక్ష, రోస్టర్, మార్కుల జాబితా. ప్రభుత్వ రంగ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, ఎల్ఐసీ, రిజర్వ్ బ్యాంక్ ఈ కోవలోవి. మరికొన్ని పరిచయంతో తెరుచుకుంటాయి: ప్రైవేటు బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, షేర్ బ్రోకింగ్ ఆఫీసులు, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలిలో విదేశీ కంపెనీల లెక్కలు చూసే కార్యాలయాలు, బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల అకౌంట్స్ గదులు.

రెండో రకం తలుపు దగ్గర కులం ఎలా పనిచేస్తుందో కొలిచిన అధ్యయనం ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ సమాన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు కులాలను, మతాలను సూచించే పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడో వంతు మాత్రమే. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలో నియామకాలు చేసే మేనేజర్లతో మాట్లాడారు. మెరిట్ ఒక్కటే చూస్తామన్నవాళ్లే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామని కూడా చెప్పారు.

అందుకే మా సలహా: మొదట నియమాల తలుపు తట్టండి, కానీ దానికి గడువు పెట్టుకోండి. రెండో తలుపుకు సిద్ధమయ్యే పని కూడా మొదటి రోజు నుంచే సాగాలి.

రాతపరీక్షల దారి

చాలామంది ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్ష ఒక్కటే లెక్కలోకి తీసుకుంటారు. మేమైతే క్లర్క్ పరీక్షను, గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్షను ముందు పెడతాం. ఈ రెండింటికీ ఇంటర్వ్యూ లేదు. మీ నాన్న ఏం చేస్తారని అడిగే మనిషి ఎదురుగా ఉండడు. క్లర్క్ పరీక్ష తెలుగులో కూడా రాయవచ్చు, ఇంగ్లీషు విభాగం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. మన రాష్ట్రాల పోస్టులకు స్థానిక భాష రావాలి కాబట్టి తెలుగు మీడియం ఇక్కడ లోపం కాదు, అర్హత. గ్రామీణ బ్యాంకు అసిస్టెంట్ ప్రిలిమ్స్‌లో రీజనింగ్, లెక్కలే ఉంటాయి. ఇంగ్లీషు లేదు.

ఐబీపీఎస్ నిర్వహించే ఆఫీసర్ పరీక్షకు వయసు 20 నుంచి 30, క్లర్క్‌కు 20 నుంచి 28. ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు, ఓబీసీలకు 3 ఏళ్లు సడలింపు ఉంది. ఇటీవలి నోటిఫికేషన్లలో ఎస్సీ, ఎస్టీ, వికలాంగుల రుసుము 175 రూపాయలు, మిగతావారికి 850. స్టేట్ బ్యాంక్ ఎస్సీ, ఎస్టీల దగ్గర రుసుము తీసుకోదు. ఆఫీసర్ ఎంపికలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 శాతం బరువు. ఇంటర్వ్యూలో అర్హత మార్కు 40 శాతం, రిజర్వుడు వర్గాలకు 35. లెక్క అర్థమైంది కదా: మెయిన్స్‌లో ఎక్కువ మార్కులు తెచ్చుకోవడమే ఇంటర్వ్యూ గదిలో మనకు రక్షణ.

కోచింగ్‌కు దిల్‌సుఖ్‌నగర్, నంద్యాల పేరున్న చోట్లు. అయితే ఫీజు కట్టేముందు ఎస్సీ స్టడీ సర్కిల్ ఉచిత బ్యాచ్‌ల ప్రకటనలు చూడండి. పాత ప్రశ్నపత్రాలు, మాక్ టెస్టులు, రోజూ లైబ్రరీలో ఆరు గంటలు: ఇవి లేకుండా ఏ కోచింగూ పనిచేయదు.

బ్యాంకుల అప్రెంటిస్ ప్రకటనల విషయంలో ఒక్క జాగ్రత్త. అది ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఏడాది తర్వాత ఉద్యోగం ఇస్తామన్న హామీ అందులో ఉండదు. అనుభవం కోసం చేరవచ్చు గానీ పరీక్షల చదువు ఆపకూడదు.

కాగితాలు ముందే సిద్ధం

పరీక్ష గెలిచి కాగితాల దగ్గర ఓడినవాళ్లను మేము చూశాం. కుల ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. ఆ నమూనా నోటిఫికేషన్ చివర ఉంటుంది, ముద్రించుకుని తీసుకెళ్లండి. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అమల్లోకి తెచ్చిన ఎస్సీ వర్గీకరణ రాష్ట్ర ఉద్యోగాలకే. అఖిల భారత పోటీతో నింపే బ్యాంకు పోస్టుల్లో ఎస్సీ కోటా 15 శాతం, ఉపవర్గాలు లేకుండా ఉంటుంది. క్రైస్తవ మార్పిడి వల్ల బీసీ-సీ ధ్రువపత్రం ఉన్నవాళ్లకు ఎస్సీ కోటా వర్తించదు. దరఖాస్తులో ఆ గడి తప్పుగా నింపితే చివర్లో అభ్యర్థిత్వమే పోతుంది.

ఇంకో పెద్ద అడ్డంకి కళాశాల. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని అసలు సర్టిఫికెట్లు ఆపేస్తారు. బకాయిపడింది ప్రభుత్వం, శిక్ష విద్యార్థికి. అసలు సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే కళాశాలలకు స్పష్టం చేసింది. మొదట ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత విశ్వవిద్యాలయానికి, జిల్లా ఎస్సీ అభివృద్ధి అధికారికి రాయండి. ఒంటరిగా వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి.

మీ అప్పుల చరిత్ర కూడా చదువుతారు

ఇది చాలామందికి చివరి నిమిషంలో తెలిసే విషయం. బ్యాంకు నియామక నోటిఫికేషన్లలో అభ్యర్థి రుణ చరిత్ర బాగుండాలన్న షరతు ఉంటోంది. ఎగవేత నమోదై ఉండి, దాన్ని సరిచేసుకుని బ్యాంకు నుంచి పత్రం తేకపోతే నియామకం ఆగవచ్చు. చదువుకు తీసుకున్న అప్పు, అమ్మ ఆసుపత్రి ఖర్చుకు ఫోన్ యాప్‌లో తెచ్చిన ఐదు వేలు, ఎవరికో ఇచ్చిన పూచీకత్తు... అన్నీ అందులో కనిపిస్తాయి. పేదరికాన్ని నడవడికగా లెక్కగట్టే ఈ షరతును ప్రశ్నించాలి. అది మన ఉద్యమాల పని. ఈలోగా అభ్యర్థి చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి క్రెడిట్ సంస్థా ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. డిగ్రీ చివరి ఏడాదిలోనే తెప్పించుకోండి. తప్పులుంటే అభ్యంతరం నమోదు చేయండి. బాకీ తీరితే 'బాకీ లేదు' అన్న పత్రం తీసుకుని దాచండి.

ప్రైవేటు తలుపు

ఇక్కడ నాలుగు రకాల మొదటి ఉద్యోగాలు దొరుకుతాయి. అకౌంట్స్ అసిస్టెంట్: టాలీ, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు ఖాతాల సరిపోలిక వస్తే చాలు. జీతం తక్కువైనా పని నేర్పుతుంది. కంపెనీల బ్యాక్ ఆఫీసు: ఇన్వాయిస్‌లు, చెల్లింపులు చూసే పని. ఎక్సెల్, మాట్లాడగలిగే ఇంగ్లీషు, రాత్రి షిఫ్టు. అమ్మకాలు: ఖాతాలు, బీమా, కార్డులు అమ్మే టార్గెట్ ఉద్యోగం. వసూళ్లు: బండి ఉంటే రేపే రమ్మంటారు.

చివరి రెండే మన పిల్లలకు సులభంగా దొరకడం యాదృచ్ఛికం కాదు. మైక్రో ఫైనాన్స్ అప్పు మన వాడల్లో వసూలు చేయడానికి మన వాడ పిల్లాడే కావాలి. చేరాల్సి వస్తే నియమాలు తెలుసుకుని చేరండి. రికవరీ ఏజెంటుకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి. మైక్రో ఫైనాన్స్ బాకీదారుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. ఆ గీత దాటమని మేనేజర్ చెబితే, కేసు మేనేజర్ మీద కాదు, మీ మీద పడుతుంది.

మ్యూచువల్ ఫండ్లు, షేర్ల వైపు వెళ్లాలంటే సెబీ నెలకొల్పిన ఎన్ఐఎస్ఎం సంస్థ సర్టిఫికెట్ పరీక్షలు ఉపయోగపడతాయి. ఫీజు భరించగలిగేంత, పరీక్ష కంప్యూటర్ మీద, సిఫారసు అక్కర్లేదు. సీఏకు 55 శాతం ఉన్న కామర్స్ పట్టభద్రులు నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. అయితే రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌కు మంచి ఆఫీసు దొరకడం చాలాసార్లు పరిచయాల మీదే నడుస్తుంది. స్టైపెండ్‌తో నగరంలో గది అద్దె కట్టడం కష్టం. హాస్టల్ సీటు చూసుకున్నాకే దిగండి.

ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం అడిగితే ఏం చెప్పాలి? మాలో ఒకరు మొదటి ఇంటర్వ్యూలో "మా నాన్న కూలి" అని తలదించుకుని చెప్పారు. మాట అక్కడే ఆగిపోయింది. రెండోచోట "మా నాన్న కూలి పని చేస్తారు. ఇంట్లో సంఘం పొదుపు పుస్తకం ఎనిమిదో తరగతి నుంచి నేనే రాస్తున్నా" అన్నారు. తర్వాతి ప్రశ్న లెక్కల మీద వచ్చింది. ఉద్యోగం వచ్చిందనడం లేదు, రాలేదు. కానీ మాట తాను అనుకున్న దారిలోకి వచ్చింది. మూడో చోట వచ్చింది.

ఆఫర్ పత్రంలో ఏటా ఇచ్చే మొత్తం చూసి మురిసిపోవద్దు. స్థిర జీతం ఎంత, టార్గెట్ మీద ఆధారపడింది ఎంత, పీఎఫ్ పోను చేతికి ఎంత అని అడగండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు, డిపాజిట్, అసలు సర్టిఫికెట్లు అడిగేచోట కూర్చోవద్దు.

ఎన్నాళ్లు ఎదురుచూడాలి?

ఎదురుచూడటానికీ డబ్బు కావాలి. ఇంట్లో భూమి, జీతం ఉన్నవాడు మూడేళ్లు చదువుకోగలడు. మనలో చాలామందికి ఏడాది కూడా కష్టం. మేము చెప్పేది ఇది: రెండు పరీక్షా సీజన్లు పూర్తి శక్తితో రాయండి. ఆ తర్వాత అకౌంట్స్ లేదా బ్యాక్ ఆఫీసు ఉద్యోగంలో చేరి చదువు కొనసాగించండి. ఎస్సీ, ఎస్టీలకు వయసు సడలింపు ఉన్నది అందుకే. దాన్ని వాడుకోవడం సిగ్గు కాదు.

ప్రభుత్వ బ్యాంకు నియామకంలో రోస్టర్ తప్పితే ఆ బ్యాంకులోని ఎస్సీ, ఎస్టీ లైజన్ అధికారికి, జాతీయ ఎస్సీ కమిషన్‌కు రాయవచ్చు. ప్రైవేటు నియామకాల్లో కుల వివక్షను నేరుగా విచారించే ప్రత్యేక యంత్రాంగం మనకు లేదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ డిమాండ్ ఇంకా సజీవంగా ఉన్నది ఇందుకే.

ఒక విన్నపం. ఇప్పటికే బ్యాంకుల్లో, ఆడిట్ ఆఫీసుల్లో ఉన్న మన అన్నలు, అక్కలు ఏడాదికి ఇద్దరు జూనియర్ల దరఖాస్తులు చూడండి. ఒక మాక్ ఇంటర్వ్యూ చేయండి. మొదటి నెల జీతం వచ్చేదాకా ఒకరికి గదిలో చోటివ్వండి. బరోడాలో దొరకనిది ఆ గదే.