ఉప్పెనకు తిథి ఉందా?

కృష్ణా డెల్టాలో ఉప్పెన మాటెత్తితే రెండు తేదీలు జంటగా వస్తాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడిన ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. సర్కారు లెక్కలోనే మృతులు పదివేలు దాటారు. రెండూ కార్తీకమే. మొదటిది మంగళవారం, రెండోది శనివారం. ఇన్ని ఒక్కచోట కుదిరాక కాకతాళీయమని కొట్టిపారేయడం కష్టం. అయితే నవంబరు 19 ఇందిరాగాంధీ పుట్టినరోజు కూడా. దాన్ని ఉప్పెనకు ముడిపెట్టాలని మనకు తోచదు. మనసులో ముందే ఉన్న భయానికి సరిపడే కలయికలనే ఏరుకుంటాం. వారాల సంగతీ అంతే.

కార్తీకం మాత్రం వేరు, దానికి కారణముంది. నైరుతి వెనక్కి మళ్ళాక కూడా బంగాళాఖాతం వేడిగానే ఉంటుంది. అక్టోబరు, నవంబరు తీవ్ర తుఫానులు ఎక్కువగా పుట్టే నెలలు. సార్వా వరి కంకి బరువెక్కి వంగేదీ అప్పుడే. సముద్రపు అల చేరని పమిడిముక్కల, ఉయ్యూరు వైపు కూడా ఒక్క రాత్రి గాలికి చేను నేలకొరిగితే, నీళ్ళలో నానిన గింజ కంకి మీదే మొలకెత్తుతుంది. ఆ ఊళ్ళు కార్తీకానికి భయపడటం మూఢనమ్మకం కాదు.

ఇక అమావాస్య, పున్నమి. ఆ రోజుల్లో పోటు పెరుగుతుందని వేటకు వెళ్ళేవారందరికీ తెలుసు. 1864 అక్టోబరు 30న అమావాస్య. రెండు రోజులకే ఉప్పెన. చంద్రుడు ఎత్తిన సముద్రాన్ని తుఫాను ఇంకా ఎత్తింది. ఈ కలయికకు నిజంగానే అర్థముంది. కానీ 1977లో ఉప్పెన వచ్చింది అమావాస్య వెళ్ళిన ఎనిమిదో రోజున, పోటు బలహీనంగా ఉండే రోజుల్లో. అయినా దాదాపు ఐదు మీటర్ల అల లేచింది. తుఫాను చీరాల దిక్కున తీరం దాటింది. దివిసీమ దాని కుడిపక్కన, గాలి సముద్రాన్ని నేల మీదికి తోసే వైపున ఉంది. పైగా అక్కడి సముద్రం లోతు తక్కువ, తీరం పల్లం. తిథి చూసుకుని ధైర్యంగా ఉండే వీలు ఆ నేలకు లేదు.

1990 మే 9 తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గర సరిగ్గా పున్నమినాడు తాకింది. మృతులు 967 మంది. ఒక్కో తుఫాను అల ఒక్కోలా ఉంటుంది కదా, ఈ అంకెలను ఎలా పోలుస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, అంకెల తేడా అంతా మనుషుల ఘనత కాదు. కానీ ఆరున్నర లక్షల మందిని ముందే తరలించకపోతే ఆ లెక్క ఎక్కడిదాకా పోయేదో 1977 చూసినవారికి చెప్పనక్కర్లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అధిక శ్రావణం వల్ల ఆ ఏడు కార్తీకం డిసెంబరు దాకా సాగింది కాబట్టి అదీ కార్తీకమే. మనుషులను చాలావరకు కాపాడుకున్నాం. కోసిన పనలు పొలాల్లోనే తడిశాయి. కాలువలకు జూన్ మొదట్లోనే నీళ్ళు వదిలితే కోతలు ముందుకు జరుగుతాయి. డెల్టా రైతు ఏటా అడుగుతున్నది అదే.