అగ్నివాయువు, ప్రాణవాయువు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో చాట ఒడిలో పెట్టుకొని తునికాకుతో బీడీలు చుట్టు స్త్రీలు వాడవాడలను కనబడుదురు. ఆ బీడీయే కుటుంబమునకు కూడు. దాని పొగయే ఎందరికో ఊపిరితిత్తుల వ్యాధి. వ్యాధి ముదిరి రక్తములో ప్రాణవాయువు తగ్గినవారికి వైద్యులు ఇంటివద్దనే ఆ వాయువును పీల్పింతురు. ఆ ఇంట మరల బీడీ వెలిగినచో నేమగును? ఈ ప్రశ్నకు సమాధానము ఆ వాయువు చరిత్రలోనే ఉన్నది.

స్వీడను దేశపు రసాయనికుడు షీలే దీనిని మొదట కనుగొని, 'అగ్నివాయువు' అని పేరిడెను. 1774 ఆగస్టు 1వ తేదీన ఇంగ్లండులో ప్రీస్ట్లీ ఇదే వాయువును వేరుగా సేకరింపగా, అందుంచిన కొవ్వొత్తి అద్భుతమైన కాంతితో మండినది. దీని ప్రాణరక్షక గుణము తెలియకమునుపే మంటను పెంచు గుణము తెలిసినదన్నమాట. ఈ వాయువు తాను మండదు. ఇతర వస్తువులను తీవ్రముగా మండించును. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో నౌకను నేలపై పరీక్షించుచుండగా, శుద్ధమైన ప్రాణవాయువు నింపిన గదిలో నిప్పు పుట్టి ముగ్గురు వ్యోమగాములు మరణించిరి.

ఇంటి చికిత్స విలువ 1981లో బ్రిటనునందు రుజువైనది. అచట 87 మంది రోగులను ఐదేండ్లు పరిశీలించిరి. దినమునకు 15 గంటలైన ప్రాణవాయువు పొందిన 42 మందిలో 19 మందియు, పొందని 45 మందిలో 30 మందియు మరణించిరి. మన ప్రాంతమున 2021 నాటి కరోనా రెండవ విజృంభణలో సిలిండర్లు, కాన్సెంట్రేటరు యంత్రములు ఎన్నో ఇండ్లకు చేరినవి. వానితోపాటు షీలే చెప్పిన అగ్నియు గడప దాటినది.

కావున రోగి గదిలో బీడీ వెలిగింపరాదు. పొయ్యి, దేవుని దీపము పది అడుగుల దూరమున ఉండవలెను. పక్కబట్టలలో వాయువు నిలిచియుండును గనుక, యంత్రమాపిన అరగంట వరకు నిప్పు దరిచేర్చరాదు. రోగి ముఖమునకు నూనె, వాజలీను పూయరాదు. సిలిండరు మీటకు చమురు తగులరాదు. సిలిండరు పడిపోకుండ గోడకు కట్టవలెను. తునికాకు కట్టలు, తంబాకు వేరుగదిలో ఉంచుట మేలు. ఆయాసము హెచ్చెనని వాయువును మనమే పెంచరాదు. కొందరి రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొని స్పృహ తప్పును.

ముక్కునకు గొట్టము పెట్టుకొని బీడీ ముట్టించినచో ఆ జ్వాల ముఖమునే పట్టును. బీడీలు చుట్టి ఇల్లు నిలుపు తల్లులు, ఆ ఇంటివారి చేతిలోని బీడీని మాన్పించుటకు గట్టిగా పలుకవలెను.