మూత్రములో దొరికిన ఆచూకీ

గర్భాశయపు లోపొరలో పుట్టు కేన్సరు లింఫు గ్రంథులకు ప్రాకినదో లేదో తేల్చుటకు ఆ గ్రంథులను తీసి సూక్ష్మదర్శినిలో చూచెదరు. అదే అవయవములో, మావి కణములనుండి పుట్టు కోరియోకార్సినోమా సంగతి వేరు. అది రక్తముద్వారా ఊపిరితిత్తులకు పోవును. ఇక ఏ గ్రంథిని తీసి చూతుము?

ఆచూకీ ఇచ్చినవి ఆ కణములే. అవి హెచ్.సి.జి. అను హార్మోనును స్రవించును. అది మూత్రములోనికి వచ్చును. చిక్కడపల్లి, నారాయణగూడ మందుల దుకాణములలో అమ్ము గర్భనిర్ధారణ పట్టీ వెదకునదియు దీనినే.

మందు కథలో మనవారొకరున్నారు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడుపుచుండగా, ఫోలిక్ ఆమ్లమును పోలి కణమును మోసగించు మెథోట్రెక్సేటు అక్కడ తయారైనది. ఫోలిక్ ఆమ్లము పనిచేయనిదే డి.ఎన్.ఏ. నిర్మాణము సాగదు, వేగముగా చీలు కణము చచ్చును. సుబ్బారావుగారు 1948లో మరణించిరి.

1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మొదలగువారు ఈ మందుతో ఊపిరితిత్తుల గడ్డలు కరగినవని ప్రకటించిరి. ఎక్స్‌రేలో నీడ లేదు; హార్మోను మాత్రము ఇంకను కొంత మిగిలియున్నది. గడ్డ ఎక్కడనో దాగియున్నదని లీ నమ్మి, హార్మోను పూర్తిగా తగ్గువరకు మందు ఆపలేదు. ఆరోగ్యముగా కనబడువారికి ఈ విషమేలనని పైవారు ఆక్షేపించిరి. లీ ఉద్యోగము వదలవలసి వచ్చినది. తరువాత చూడగా, మందు ముందే ఆపినవారిలో వ్యాధి తిరుగబెట్టినది. 1972లో లాస్కర్ బహుమానము లీకి, హెర్ట్జ్‌కు కూడ లభించినది. నేడు హార్మోను సాధారణస్థితికి వచ్చిన పిమ్మటకూడ మరికొన్ని మోతాదులు ఇచ్చుచున్నారు.